బకెట్లో అమ్మ

పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోంచి,
శుక్రవారం సాయంత్రం

అన్నయ్యకు,

కోపంగా ఉంది. అయినా ప్రేమతోనే మొదలుపెడుతున్నాను.

ఈపాటికి నువ్వు ఇల్ఫర్డ్ నుంచి బేసింగ్‌స్టోక్‌లో మా ఇంటికి వచ్చి ఉంటావు. మీ బావ తలుపు తీసి, టీ పెట్టి ఇచ్చి ఉంటారు. నువ్వు సరాసరి దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి చూసి ఉంటావు. అమ్మ అక్కడ లేదు. కంగారుపడకు, ఆయన మీద అరవకు. ఆయనకేమీ తెలియదు. అమ్మ నా దగ్గరే ఉంది. నా పక్కనే, ఒక తెల్ల ప్లాస్టిక్ బకెట్లో, తన పాత తువ్వాలు చుట్టుకుని ఉంది. క్రిమటోరియం వాళ్ళిచ్చిన డబ్బా మూత నేను తీయలేదు.

పిచ్చెక్కిందా అని నువ్వు అడుగుతావని తెలుసు. మా పక్కింటి రెబెకా గుర్తుందా? అమ్మ పోయిన రోజు పెద్ద గిన్నెలో సూప్ తెచ్చి, అందులో చికెన్ ఉందని, మనం తినమని గుర్తొచ్చి గుమ్మంలోనే ఏడ్చేసిన మనిషి. వాళ్ళు మోర్మన్లు, క్రైస్తవుల్లోనే ఒక శాఖ. ఆ పేరు వాళ్ళకంత ఇష్టం లేదట కానీ వీధిలో అందరూ అలాగే అంటారు. నూట డెబ్బై ఏళ్ళ కిందట వాళ్ళ పూర్వీకులు చాలామంది ఇక్కడి మిల్లుల్లో పనులు వదిలేసి, లివర్‌పూల్‌లో ఓడ ఎక్కి అమెరికా వెళ్ళారు. అక్కడ ఎద్దుల బళ్ళు కొనుక్కోలేని వాళ్ళు, చెక్కబళ్ళ మీద సామాను వేసుకుని తామే లాక్కుంటూ, వెయ్యి మైళ్ళకు పైగా పడమటికి నడిచారు. తమ దేవుడి ఊరు అక్కడ కట్టుకోవాలని. ఒక ఏడు ఆలస్యంగా బయలుదేరి మంచులో చిక్కుకుని ఎంతోమంది దారిలోనే పోయారు. ఆ కష్టమేమిటో పిల్లలకు తెలియాలని వీళ్ళు అప్పుడప్పుడూ ఇలా కొండల్లోకి తీసుకొచ్చి, అలాంటి బళ్ళే లాగిస్తారు. పాతకాలం బట్టలు వేసుకోవాలి. ఫోన్లు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, బదులుగా తలా నాలుగు కాగితాలు ఇస్తారు. రాసినవి పొద్దున్నే కారులో తీసుకెళ్ళి పోస్టు చేస్తారు. మనిషికి ఒక బకెట్టు ఇస్తారు, అందులో పట్టిందే సామాను. రాత్రి గుడారం దగ్గర అదే కుర్చీ. అందరూ వాళ్ళ వాళ్ళ బకెట్ల మీద కూర్చున్నారు. నేను మాత్రం నేల మీద కూర్చుంటున్నాను. ఎందుకని అడిగితే మోకాళ్ళకు మంచిదని చెబుతున్నాను.

రెబెకా కూతురు హన్నా, మన కిరణ్మయి ఒకే క్లాసు. హన్నాతో పాటు వెళ్తానని ఇది పట్టుబట్టింది. పిల్లతో పెద్దవాళ్ళెవరైనా రావాలన్నారు, వంటకు సాయం కావాలన్నారు. నేను పనిచేసే క్లినిక్కులో సెలవు పెట్టి వచ్చాను. పాతకాలం బట్టలంటే నాకు అమ్మ నేతచీరలు తప్ప ఏమీ కనిపించలేదు. అవే కట్టుకుంటానంటే సరేనన్నారు. ఒక్క టీ తాగరు అన్నయ్యా ఈ మనుషులు. టీ లేక తల ఒకటే నొప్పి.

ఇదంతా నిజమే కానీ, నేను వచ్చింది ఇందుకు కాదు. నువ్వు ఈరోజు వస్తానన్నావు కాబట్టి వచ్చాను. "శుక్రవారం సెలవు పెట్టి వస్తున్నా. అస్థికలు సిద్ధంగా ఉంచు. కృష్ణలో కలపడానికి టికెట్ తీసుకున్నా." ఇంతే కదా నీ మెసేజ్. ఒక టికెట్టు. వస్తావా అని లేదు. నీకేమనిపిస్తోంది అని లేదు. కొరియర్ వాడు పార్సెల్ కోసం వచ్చినట్టు వస్తున్నావు.

ఎనిమిదేళ్ళు అమ్మ నా దగ్గర ఉంది. ఆమెకు తలస్నానం చేయించి, చిక్కు తీసి, జడ వేశాను. డాక్టరు దగ్గర ఆమె నొప్పులన్నీ ఇంగ్లీషులోకి మార్చి నేనే చెప్పాను. చివర్లో ఆమె నోట మాట సరిగ్గా రానప్పుడు, పెదవుల కదలికను బట్టి మంచినీళ్ళో మరొకటో నాకొక్కదానికే అర్థమయ్యేది. అలాంటిది క్రిమటోరియంలో పంతులుగారు "కొడుకు ఒక్కరే ముందుకు రండి, ఆడవాళ్ళు వెనకుండండి" అన్నారు. నువ్వు వెళ్ళిపోయావు. నేను వెనక వరసలో వదిన పక్కన నిలబడ్డాను. నీ వీపు తప్ప నాకేమీ కనిపించలేదు. అమ్మ ఉన్న పెట్టె ఎప్పుడు మంటలోకి వెళ్ళిందో కూడా చూడలేదు. పెట్టెను లోపలికి పంపే మీట నువ్వే నొక్కావని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఆరోజు నుంచీ ఈ మాట నీతో అనాలని ఉంది. ఫోన్లో అయితే నువ్వు ముందు మాట్లాడతావు, నేను ఏడుస్తాను. అందుకే కాగితం దొరకగానే రాస్తున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. కిందటి అక్టోబరులో అమ్మ, నేను వెనక గదిలో కూర్చుని ఉన్నాం. బయట ఆమె నాటిన గులాబీ చెట్టుకు చివరి పువ్వు ఉంది. అమ్మ ఉన్నట్టుండి, "మళ్ళీ అంతదూరం తిప్పకండే నన్ను. తెనాలి నుంచి హైదరాబాదు, హైదరాబాదు నుంచి ఇక్కడికి తిరిగింది చాలు. ఇక్కడే ఎక్కడన్నా కలిపెయ్యండి" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మీ అన్నయ్యకి మాత్రం చెప్పమాకే. వాడు బాధపడతాడు" అంది. చెప్పలేదు. ఇప్పుడు చెబితే, ఇవ్వడం ఇష్టం లేక కథ అల్లానంటావు. అలాగే అనుకో. నేను మాత్రం నిర్ణయించుకున్నాను. అమ్మను నీకు ఇవ్వను.

ఇలా గట్టిగా రాశానే కానీ, పొద్దుటి నుంచీ నాకు ఏదీ నిలకడగా లేదు. బయలుదేరే ముందు ఒక పెద్దావిడ బల్ల ముందు కూర్చుని అందరి మెడలోనూ తలా ఒక కార్డు వేసింది. ఆనాడు నడిచిన వాళ్ళ పేర్లవి. మా వంశంలో అలాంటి వాళ్ళెవరూ లేరన్నాను. "అయితే నీ వాళ్ళలోనే ఎవరి పేరైనా చెప్పు, వాళ్ళ కోసం నడువు" అంది. నాకేం తోచిందో, గుళ్ళో అమ్మ పేరున అర్చనకు చెప్పినట్టు భారద్వాజస గోత్రం, రోహిణీ నక్షత్రం, వెంకటరమణమ్మ అని గడగడా చెప్పేశాను. ఆవిడ ప్రతి అక్షరం అడిగి మరీ రాసింది. మధ్యాహ్నం బండి లాగుతూ ఒక పిల్ల, వీళ్ళ గుళ్ళో పోయిన వాళ్ళ పేర్లు తీసుకుని వాళ్ళకు బాప్తిస్మం ఇస్తారని చెప్పింది. రోజూ విష్ణుసహస్రనామం చదివిన మనిషిని గోత్రంతో సహా అప్పగించేశానా? పులిహోర కలుపుతున్న గరిటె చేత్తో పట్టుకునే రెబెకా దగ్గరికి పరిగెత్తాను. ఆమె నవ్వింది, నవ్వినందుకు వెంటనే సారీ చెప్పింది. అది తమ సొంత వంశం వాళ్ళ పేర్లతో చేసుకునేదట, ఈ కార్డు మాత్రం నడవడానికేనట. నమ్మాను. అయినా కార్డు తీసి బకెట్లో దాచాను. కాసేపటికి మెడ బోసిగా అనిపించి మళ్ళీ తీసి వేసుకున్నాను. నా బుర్ర ఇలా ఉంది. ఇంత అయోమయంలో ఉన్నదాన్ని, ఇవ్వనన్న మాట మాత్రం ఎలా రాశానో నాకే తెలియదు.

మీ చెల్లెలు,
ప్రసన్నలక్ష్మి


అదే కొండలు,
శనివారం సాయంత్రం

అన్నయ్యా,

నిన్నటి ఉత్తరం పొద్దున్నే కారులో వెళ్ళిపోయింది. వెనక్కి తీసుకుందామని పరిగెత్తాను కానీ అందలేదు. అందులో రాసినవి అబద్ధాలని కాదు. ఈరోజు జరిగింది చెబితే నీకైనా ఏమన్నా అర్థమవుతుందేమోనని మళ్ళీ రాస్తున్నాను.

పొద్దుటి నుంచీ వాన. మా బండికి ఎనిమిదిమందిమి. మధ్యాహ్నానికి ఒక నిటారు కొండ మొదట్లో ఆపారు. ఎవరో డప్పులాంటిది వాయించారు. మగవాళ్ళందరూ, గడ్డాలు రాని పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా, బళ్ళు వదిలేసి మాట్లాడకుండా పైకి వెళ్ళిపోయారు. ఏమైందని రెబెకాను అడిగాను. ఆనాటి దారిలో ఎందరో ఆడవాళ్ళకు మగదిక్కు పోయిందట. కొందరి మొగుళ్ళు చలికి పోయారు, కొందరు పనుల మీద ముందే వెళ్ళిపోయారు. అప్పుడు ఆడవాళ్ళే లాగారు. అందుకని ఈ ఒక్క కొండ ఆడవాళ్ళు మాత్రమే లాగాలి. మగవాళ్ళు దారికి రెండు పక్కలా టోపీలు తీసి నిలబడాలి. చెయ్యి వెయ్యకూడదు, నోరు విప్పకూడదు.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కొంగు నడుముకు బిగించి, ముందు కర్ర నేనే పట్టుకున్నాను. కర్రకు అవతలి వైపు రెబెకా. కిరణ్మయి, హన్నా, మిగతా పిల్లలు వెనక నుంచి తోశారు. చక్రాలు బురదలో సగందాకా దిగబడ్డాయి. రెండడుగులు ఎక్కితే ఒకడుగు జారుతున్నాం. పక్కన వరసగా మగవాళ్ళు, వానలో టోపీల్లేని తలలతో మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు. మొదట గర్వంగా ఉండింది. సగం కొండ ఎక్కాక ఒళ్ళు మండింది. ఇంతమంది ఉన్నారే, టోపీ పట్టుకోవడానికి పనికొచ్చిన ఆ చేతులు దీనికెందుకు రావు అనిపించింది. ఆ తిట్లలో నువ్వు కూడా ఉన్నావు, నీతో చెప్పకపోతే ఎలా.

అప్పుడే నా కాలు జారింది. బండి ఒక పక్కకు ఒరిగింది. పైన కట్టిన తాడు వదులై, అన్ని బకెట్లలోనూ సరిగ్గా నాదే కిందపడి వాలులో దొర్లడం మొదలుపెట్టింది.

నా నోట మాట తెలుగులో వచ్చింది. ముందు "ముట్టుకోకండి!" అని అరిచాను. మరుక్షణం "పట్టుకోండి, పట్టుకోండి!" అని అరిచాను. అక్కడెవరికి అర్థమవుతుంది? కర్ర వదిలేస్తే బండి పిల్లల మీదికి వెళ్తుంది. వదలకపోతే అమ్మ కొండ కింద పారుతున్న వాగులోకి వెళ్తుంది. రెండు చేతులూ కర్ర మీదే ఉంచి కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి, కింది వరసలో నిలబడిన ఒక పెద్దాయన బురదలో మోకాళ్ళ మీద పడి ఉన్నాడు. బకెట్టును రెండు చేతులతో పొట్టకు అదుముకున్నాడు. టోపీ ఎటో పోయింది. సాయం చెయ్యకూడదన్న నియమం తప్పినందుకేమో, భయం భయంగా చుట్టూ చూస్తున్నాడు. పైకి తీసుకురాలేడు, కింద పెట్టలేడు. అలాగే ఉండిపోయాడు, మేము బండిని పైకి చేర్చి నేను దిగి వచ్చేదాకా. నేను వెళ్ళి చేతులు చాచాను. ఆయన మాట్లాడలేదు, మాట్లాడకూడదు కదా. ఇచ్చేశాడు. మూత ఊడలేదు అన్నయ్యా, అమ్మ క్షేమంగా ఉంది.

కిరణ్మయి నా వెనకాలే దిగి వచ్చింది. నా ముఖం, బకెట్టూ మార్చి మార్చి చూసింది.

"మమ్, ఈజ్ అమ్మమ్మ ఇన్ దేర్?" అంది.

అవునన్నాను. తిడుతుందనుకున్నాను. "యూ కుడ్ హావ్ టోల్డ్ మీ. ఐ వుడ్ హావ్ టైడ్ ఇట్ ప్రాపర్లీ" అంటూ నా చేతిలోంచి బకెట్టు తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, ఆ బురదలోనే కూర్చుని ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు దాని కంట నీటిచుక్క రాలేదని మనిద్దరం ఎన్ని మాటలనుకున్నామో గుర్తుందా?

తర్వాత రెబెకాకు అంతా చెప్పాను. ఆమె వాళ్ళ ముత్తవ్వకు ముత్తవ్వ సంగతి చెప్పింది. ప్రెస్టన్‌లో నూలు మిల్లులో పనిచేసి, మొగుడితో కలిసి ఈ బళ్ళ వెంట వెళ్ళిందట. మంచులో ఆయన పోయాడు. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడానికి వీల్లేక, మంచులోనే మరికొందరితో కలిపి కప్పేసి, తెల్లారి మళ్ళీ బండి పట్టుకుని నడిచిందట.

"మరి ఆయన ఎక్కడున్నాడు?" అన్నాను.

"తెలియదు. ఎవరికీ తెలియదు. అందుకే నడుస్తాం" అంది.

ఆ ముత్తవ్వకు అసలు వెళ్ళడం ఇష్టమేనా అని అడిగాను. రెబెకా ముఖం అదోలా అయింది. ఆ మాట ఇంతవరకూ తమ ఇంట్లో ఎవరూ అడగలేదంది. మన అమ్మను మాత్రం ఎవరడిగారు? తెనాలిలో ఇల్లు ఖాళీ చేసినప్పుడు నువ్వు అడిగావా, నేను అడిగానా? పెట్టె సర్దుకోమన్నాం, సర్దుకుంది.

నిన్న ఇవ్వనని రాశాను. ఈరోజు ఆ కొండ ఎక్కాక ఇంకా గట్టిగా ఇవ్వకూడదనిపించాలి. అలా అనిపించడం లేదు. ఇచ్చెయ్యాలనీ అనిపించడం లేదు. నేను అమ్మ కోసం లాగానా, నీ మీద పంతంతో లాగానా? ఏ నీళ్ళలో కలిపినా అమ్మకు తేడా ఉంటుందా, లేక మనకేనా? ఒకటి తేలేలోపు ఇంకొకటి వస్తోంది. ఇంకో సంగతి. ఆ పెద్దాయన బకెట్టు పట్టుకుని చూసిన చూపు నన్ను వదలడం లేదు. తప్పు చేసినట్టు ఉంది, ఎవరైనా వచ్చి చేతిలోది అందుకుంటే బాగుండునన్నట్టు ఉంది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ ముఖం మాత్రం ఎక్కడో చూశాను. ఎక్కడో గుర్తు రావడం లేదు.

రేపు ఇంటికి వస్తాం. ఈ కాగితాలు చింపకు, కనీసం చదివాక చింపు.

నీ చెల్లెలు,
ప్రసన్న


ఇల్ఫర్డ్,
మంగళవారం

అమ్మను ఎత్తుకుపోయిన దొంగకు అన్నయ్య ఆశీస్సులు.

నీ రెండు ఉత్తరాలూ ఈరోజే కలిసి వచ్చాయి. ఆదివారం బావ ఫోన్ చేసి అమ్మ నీ దగ్గరే ఉందని చెప్పినప్పటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేశాను. నేను ముందు మాట్లాడతానని రాశావు కదా, అది నిజమే. అందుకే నేనూ కాగితం మీద పెడుతున్నాను. తెలుగు రాసి ఎన్నాళ్ళయిందో, చెయ్యి తిరగడం లేదు. నవ్వకు.

శుక్రవారం మీ ఇంట్లో మేమిద్దరం పడ్డ పాట్లు నీకు తెలియవు. గూట్లో లేకపోయేసరికి బావా నేనూ ఇల్లంతా తిరగేశాం. బీరువా, గ్యారేజీ, బియ్యం డబ్బా, చివరికి ఫ్రిజ్ కూడా వెతికాం. ఫ్రిజ్ తెరిచినందుకు బావ నన్ను తిట్టాడు. అంతా అయ్యాక మెట్ల మీద కూలబడి ఏడ్చాను. కోపంతో కాదు. అమ్మ ఈసారి నిజంగా పోయిందనిపించింది.

కథ అల్లావని నేననను. నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసు. కానీ ఇది విను. కిందటి ఏడు దీపావళికి అమ్మ మా ఇంట్లో పది రోజులుంది కదా. ఒకరోజు మందులిస్తుంటే, "ఒరే అబ్బాయ్, నన్ను తీసుకెళ్ళి మీ నాన్న దగ్గర కృష్ణలో కలిపెయ్యరా. పరాయి నీళ్ళలో వదలమాక" అంది. నేను సరేనన్నాక, "మీ చెల్లితో మాత్రం అనమాకు. ఇన్నేళ్ళు చూసింది, మనసు కష్టపెట్టుకుంటది" అంది. నేనూ చెప్పలేదు. అందుకే అలా పొడిగా మెసేజ్ పెట్టాను. మాట్లాడడం మొదలుపెడితే ఆ మాట బయటికొస్తుందని భయం. నీకు కొరియర్ వాడిలా కనిపించాను.

నీకొకటి చెప్పింది, నెల తిరగకుండానే నాకొకటి చెప్పింది. ఇద్దరి నోళ్ళూ కట్టేసి వెళ్ళింది. ఆమె మాటెప్పుడూ అంతే కదా. నా దగ్గరున్నప్పుడు "నీ దగ్గరే హాయిగా ఉందిరా" అనేది, నీ దగ్గర కూడా అదే మాట అని ఉంటుంది. ఎవరి ఎదురుగా ఉంటే వాళ్ళకు కావలసింది చెప్పేది. ఆమెకేం కావాలో మనిద్దరిలో ఎవరికీ తెలియదు. పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను, నాకూ ఏమీ తేలడం లేదు.

కానీ నీ ఉత్తరంలో ఒక్కదానికి మాత్రం నా దగ్గర జవాబుంది. ఆ ముఖం ఎక్కడ చూశావో నాకు తెలుసు. నాది.

కొడుకు ఒక్కడే రావాలని పంతులుగారన్నప్పుడు, మా చెల్లెలు కూడా వస్తుందండీ అనడానికి నోరు తెరిచాను. అనలేదు. మీట మీద చెయ్యి పెట్టించారు. నొక్కాలి. నొక్కలేకపోయాను ప్రసన్నా. వెనక్కి తిరగకూడదని చెప్పారు, అయినా తిరిగి నీ కోసం చూశాను. నువ్వు ఒక్క క్షణం తలెత్తి చూసి మళ్ళీ దించేసుకున్నావు. పక్కనుంచి ఎవరో "కానియ్యండి, మన తర్వాత వాళ్ళ టైమ్ అయిపోతోంది" అన్నారు. నొక్కేశాను. నిన్ను రానివ్వలేదని ఇన్నాళ్ళూ నీకు బాధ. నేను ఆ రోజు నుంచీ, మా చెల్లెలు ఎందుకు రాలేదు, నన్ను ఒక్కణ్ణే ఎందుకు వదిలేసింది అనుకుంటున్నాను. నీ కొండ మీద నీతో మిగతా ఆడవాళ్ళున్నారు. ఆ మీట దగ్గర నేనొక్కణ్ణే.

టికెట్టు రద్దు చేశాను. వదిన తిట్టింది, తర్వాత నీ ఉత్తరాలు చదివి మానేసింది. శనివారం వస్తున్నాను. తీసుకెళ్ళడానికి కాదు. కూర్చుని మాట్లాడదాం. కృష్ణ అయితే ఇద్దరం వెళ్దాం, కిరణ్మయి వస్తానంటే ముగ్గురం. మీ పెరట్లో గులాబీ చెట్టే అయితే, సరే, గులాబీ చెట్టే. నేనొచ్చేదాకా అమ్మను ఆ బకెట్లోంచి తియ్యకు. దాని పిడికి నీ చెయ్యి ఒక పక్క, నా చెయ్యి ఒక పక్క పడతాయో లేదో చూసి ఉంచు. ఎంత దూరమైనా సరే, ఈసారి నేనొక్కణ్ణే మొయ్యలేను.

మీ అన్నయ్య,
విజయభాస్కర్